విడిచిపెట్టిన కొమ్మ

"గాలి లేస్తే ఈ తొట్టి కిందవడి పలుగుతది. పలిగిందంటే మావోడు మల్ల మూగోడైతడు" అని లక్ష్మీనర్సమ్మ మేడ మీద ఎవరూ లేకపోయినా పైకే అనేసింది. అనేసి గబుక్కున నోటి మీద చెయ్యి వేసుకుంది. తన నోటి నుంచి జారిన కీడు జరిగి తీరుతుందని ఆమెకు నమ్మకం, లోపలే దాచుకుంటే ఇంకా ముందే జరుగుతుందని భయం. ఆరేసిన బట్టలు తీయడానికి పైకి వచ్చిందామె. నాచారం వైపు నుంచి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. దండెం మీద మొగుడి ఖాకీ చొక్కా చేతులు ఊపుతోంది. పిట్టగోడ మీద కొడుకు ఉమాపతి చెట్టు ఒకవైపుకే ఒరిగి ఒరిగి లేస్తోంది. చెట్టంటే ఏం చెట్టు, జానెడు మీద నాలుగు వేళ్ల జువ్వి, అన్నం పళ్లెమంత తొట్టిలో. మిగతా కొమ్మలన్నిటికీ వాడు రాగి తీగ చుట్టి, వంచి, రెండేసి ఆకులకు కత్తిరించి, బడికి పోయే పిల్ల తల దువ్వినట్టు దువ్వి పెట్టుకున్నాడు. ఒక్క కొమ్మ మాత్రం మాను మీది గాయం పక్కనుంచి పుట్టి, చెట్టుకు మూడింతలై, రెండు మూరలు పిచ్చిదానిలా పైకి పోయింది. గాలి దాన్నే పట్టి గుంజుతోంది. వాడు దీన్ని మరిచిపోయాడా, కాలిన చెయ్యి అటు తిరగదా? తొట్టి కదిలించొద్దే, ఎండ మారుతది అని వాడు చెప్పాడు. కదిలించదు. కొమ్మ ముట్టుకోవద్దని మాత్రం చెప్పలేదు. ఆమె కిందికి దిగి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి కత్తెర తీసింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో కత్తెర ఉండేది అక్కడే. మళ్లీ పైకి వచ్చి, యాదగిరి నర్సన్నను తలుచుకొని, ఒక్క కోత కోసింది. కోసినచోట తెల్లటి పాలు ఉబికి, మాను మీదుగా జారి, తొట్టి అంచు నుంచి బొట్లు బొట్లుగా రాలాయి. కొంగుతో అద్దితే ఆగలేదు. అయినా చెట్టు ఊగడం ఆగింది. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నది ఎంతసేపని, ఇంటి ఓనరు జనార్ధనరావు నీళ్ల డబ్బా పట్టుకొని మెట్లెక్కి వచ్చేంతసేపు.

"అయ్యయ్యో! ఏం చేశారు లక్ష్మీనర్సమ్మగారూ?"

"గాలికి పడ్తదని సారూ. మస్తుగ ఊగుతాంది."

"తొట్టి తీసి కింద పెడితే సరిపోయేదిగా!"

"కదపొద్దన్నడు సారూ మావోడు."

ఆయన నవ్వబోయి, ఆమె చేతిలో కొమ్మ చూసి నవ్వలేదు. కోస్తా మనిషి, సర్కారు ఆఫీసులో రాళ్లు పరీక్ష చేసే ఉద్యోగం, ఏ సంగతైనా బడిపిల్లకు చెప్పినట్టు చెబుతాడు. "అది అందానికి పెంచింది కాదమ్మా. గాయం మూయించే కొమ్మ అది. అది అట్లా అడ్డూ అదుపూ లేకుండా పెరిగితేనే ఆ పక్క మాను బలిసేది, బెరడు ఒత్తుకొచ్చి గాయాన్ని కప్పేది. పూర్తిగా మూసుకున్నాక దాన్ని వాడే కోసేస్తాడు. అందాకా కావాలనే విడిచిపెట్టాం, వాడూ నేనూ."

"పసుపు వెట్టి గుడ్డతోని గట్టిగ కడ్తే అతుకదా సారూ?"

"అతకదమ్మా. ఏ చెయ్యో తెగితే కుట్టు వేస్తారు గానీ..." అని నాలుక కరుచుకొని, నీళ్ల డబ్బా అక్కడే దింపేసి, "వాడికి నేను చెప్తాలే, మీరు దిగులు పడకండి" అంటూ తన వాటాలోకి వెళ్లిపోయాడు. ఆయనేం చెప్తాడు. ఆమె గోడకు వీపు ఆనించి కూలబడింది. ఒళ్లో కొమ్మ, దాని ఆకులు కోసిన కొమ్మ ఆకుల్లా లేవు, ఇంకా చెట్టు మీదే ఉన్నామనుకుంటున్నట్టు నిగనిగలాడుతున్నాయి. నాచారంలో ఐదు గంటల సైరన్ కూసింది. ఉమాపతి రెండింటికి పోయాడు, ఆరులోపల వస్తానన్నాడు. గంట ఉంది.

గంటలో ఏం చెయ్యొచ్చు. కోతి వచ్చిందని చెప్పొచ్చు, మొన్న చెరువు దిక్కు నుంచి రెండు కోతులు వచ్చి పక్కింటి రాములమ్మ వడియాలు ఎత్తుకపోలేదా. కానీ కోతి కొరికితే పీచు లేస్తుంది, ఇది నున్నగా ఉంది, వాడు చూడగానే కత్తెర అంటాడు, కత్తెర ఏడికెల్లి వచ్చింది అంటాడు, అంటాడా, ఏమీ అనడు, అదే కదా భయం. అంటే బాగుండు. తిడితే ఇంకా బాగుండు. ఒళ్లు కాలినప్పటి నుంచి ఈ పదకొండు నెలల్లో మొదటి ఏడు నెలలు వాడు తల ఆడించాడు తప్ప మాట్లాడలేదు, నాలుక కాలిందా డాక్టరూ అని ఆమె అడిగితే దవాఖానాలో నర్సులు ముఖాలు చూసుకున్నారు. చెయ్యి కాలిందమ్మా, మెడ కాలింది, నోటికేం కాలేదు అన్నారు. నోటికేం కాకుంటే ఎందుకు మాట్లాడడు. అన్నం తింటావా బిడ్డా అంటే తల. నీళ్లు పోసుకుంటావా అంటే తల. నొప్పి లేస్తుందా అంటే అదీ లేదు, గోడ దిక్కు తిరిగి పడుకోవడం. రాత్రి రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చిన మొగుడు బిక్షపతి బూట్లు విప్పుకుంటూ "బతికిండు గద, గదే శాన" అనేవాడు. ఆ మనిషికి ఏదైనా శానే. ఆమెకు మాత్రం బతకడం అనేది ఒకసారి తేలిపోయే సంగతి కాదు, పొద్దున లేచి తేల్చుకోవాలి, మధ్యాహ్నం తేల్చుకోవాలి, నిద్రపోయే ముందు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి తేల్చుకోవాలి.

మూడో నెలలో కదా, మిట్టమధ్యాహ్నం, చెప్పులు లేకుండా పైకి వచ్చి చూస్తే వాడు ఇదే పిట్టగోడ మీద, కాళ్లు బయటికి వేలాడేసి, ఆమె వచ్చిన అలికిడి విని కూడా వెనక్కి తిరగకుండా కూర్చొని ఉన్నాడు. ఆమె అరవలేదు. ఎప్పుడూ అరిచే మనిషి ఆ రోజు అరవలేదు. వెళ్లి పక్కన నిలబడి, "పులుసు సల్లారుతాంది" అంది, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. వాడు కాళ్లు ఇవతలికి వేసుకొని దిగి వచ్చి పులుసన్నం తిన్నాడు. ఆ సంగతి బిక్షపతికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి కత్తెర బియ్యంలోకి పోయింది, గీసుకునే బ్లేళ్లు పసుపు డబ్బాలోకి, స్టవ్వులో పోసే గ్యాసునూనె డబ్బా రాములమ్మ ఇంటికి. దండెం తాడు రోజూ చీకటి పడగానే విప్పి దిండు కింద పెట్టుకునేది. "ఏందక్కా, తాడు ఎవలన్న ఎత్తుకవోతరా, బంగారి గొలుసానే గది?" అని రాములమ్మ నవ్వితే తానూ నవ్వింది. నవ్వకుంటే అడుగుతుంది.

ఆ తాడు ఇప్పుడు గాలికి చప్పుడు చేస్తోంది. బట్టలు తీయాలి. లేవలేదు. కొమ్మ కోసిన చోట పాలు గట్టిపడి తెల్లగా మరక కట్టాయి, దాని కింద వాడి గాయం. వాడి గాయమే అంటుంది ఆమె, చెట్టు గాయం అనదు. నాలుగు నెలల కిందట సారు ఈ చెట్టును వాడి ముందు పెట్టినప్పుడు అది రూపాయి బిళ్లంత ఉండేది. ఎవరో నర్సరీ వాడు ఎత్తు పెరగకుండా ఉండాలని మానును అడ్డంగా నరికేశాడట, నరికి వాడికి తోచినట్టు సున్నం పూశాడట. "ఇది బాగుపడుద్దో లేదో నాకు తెలీదోయ్, పడితే నీది" అన్నాడు సారు. వాడు తల కూడా ఆడించలేదు. ఇంట్లో రావీ జువ్వీ మొలిస్తేనే అరిష్టమంటారు, ఈయన తెచ్చి మరీ పెడుతున్నాడే అని ఆమె లోపల గొణుక్కుంది. మూడు రోజులు చెట్టు గుమ్మం పక్క అలాగే ఉంది. నాలుగో రోజు ఆమె పప్పులో తాలింపు వేస్తుంటే వెనక నుంచి, అరిగిపోయిన గొంతుతో, "అమ్మా, ఒక బ్లేడియ్యే" అని వినబడింది.

ఏడు నెలల తరువాత మొదటి మాట. బ్లేడియ్యే. తాలింపు మాడింది. నర్సన్నా, ఇదేం పరీక్ష తండ్రీ అనుకుంది. ఇస్తే ఏమవుతుందో, ఇవ్వకుంటే ఏమవుతుందో. వాడి కళ్లలోకి చూస్తే ఏమీ తెలియలేదు. పసుపు డబ్బాలోంచి ఒకటి తీసి, పసుపు తుడిచి, వాడి ఎడమ చేతిలో పెట్టి, వాడి వెంటే పోయి నిలబడింది. వాడు చెట్టు ముందు గొంతుక్కూర్చొని, గాయం చుట్టూ బెరడు ఎక్కడ గుండ్రంగా పెదవిలా కట్టిందో అక్కడే మళ్లీ సన్నగా గీకడం మొదలుపెట్టాడు. "మానిన కాడనే మల్ల ఎందుకు కోస్తవు బిడ్డా!" అని ఆమె ఆగలేక అంది. వాడు తల ఎత్తకుండానే "అంచు ముదిరి ఆగిపోయిందే. పచ్చిగ జేస్తెనే ముందలికి వస్తది, సారు జెప్పిండు" అన్నాడు. ఆ తరువాత ఏదో నల్లటి మైనం లాంటి మందు గాయానికి పూశాడు. ఆ రాత్రి ఆమె బ్లేడు తిరిగి తీసుకొని, తుడిచి, డబ్బాలో పెట్టి, మొగుడి పక్కన పడుకొని ఆ రెండు మాటలనూ మళ్లీ మళ్లీ చెప్పుకుంది. అంచు ముదిరిందట. ముందలికి వస్తదట. దవాఖానాలో కూడా కసరత్తు చేయించే పిల్ల వాడి వేళ్లను ఇట్లాగే వెనక్కి విరిచేది, అతుక్కున్న తోలు పటపటమనేది, వాడు అరిచేవాడు, ఆమె గది బయట గోడకు చెవి పెట్టి తన వేళ్లు తానే విరుచుకునేది. మాట రాకపోయినా ఆ అరుపు వచ్చేది. ఆ అరుపు కోసమే వారం వారం తీసుకుపోయేదేమో, ఛీ, ఏం తల్లి.

అప్పటి నుంచి రోజుకు నాలుగు మాటలు. అన్నీ చెట్టు మాటలే. తీగ బెరడులోకి దిగుతాంది, విప్పాలె. ఈ కొమ్మ ఇంక పొడుగు వోనియ్యాలె, పోయినంక కోయాలె, అప్పుడు రెండైతయి. సారుతో అయితే ఇంకో నాలుగు ఎక్కువ. ఆమె మెట్ల మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్నట్టు కూర్చొని వినేది. ఒలిచిన కాయలే మళ్లీ ఒలిచేది. రాములమ్మ అనేది కదా, "మీ ఇంట్ల చెట్టుకు గూడ మెడలు వంచి తీగలు గట్టవట్టిరి, పాపం గది ఏం నేరం జేసిందక్కా?" అప్పుడు వాడు నవ్వాడు. పెదవి ఒక పక్కనే లేచింది, రెండో పక్క కాలిన తోలు లేవనివ్వలేదు. సగం నవ్వు. ఆ సగం మీదనే ఈ నాలుగు నెలలు బతికింది. మరి అన్ని మాటలు విన్న చెవులకు ఈ పొడుగు కొమ్మ ముచ్చట ఎందుకు పడలేదు? ఆ రోజు నల్లా నీళ్లు వచ్చి ఉంటాయి, బిందె పట్టుకొని పోయి ఉంటుంది. బిందె నీళ్లకు పోయి కొంప ముంచుకుంది.

చినుకులు పడ్డాయి. ఉప్పల్ రింగురోడ్డు దిక్కు నుంచి లారీల హారన్లు. ఆ రోడ్డు దాటేటప్పుడు వాడు కుడి పక్క చూడడు, మెడ తోలు గుంజుకొని కుడికి తిరగదు, ఆ సంగతి లారీవాడికి ఎట్లా తెలుస్తుంది. లేక బస్సు ఎక్కేటప్పుడు ఆ చేతితో కడ్డీ పట్టుకున్నాడేమో, పట్టు దొరకదు. లేక తాను కాలిన ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ వాసనకే కళ్లు తిరిగాయేమో. "మామతో పోరా, నేనన్న వస్త" అంటే వద్దని తల. తమ్ముడు కనకరాజు పొద్దున వచ్చి చెప్పాడు, ఫ్యాక్టరీ సారు రమ్మన్నడు, గేటు కాడ రాసుకునే పని ఇస్తడట, చేతికి బరువుండదు అని. చెప్తున్నంతసేపూ కనకరాజు ఆమె ముఖం వైపు చూడలేదు. ఎందుకు చూస్తాడు. అప్పట్లో అక్కడ పని పెట్టించమని వాడి కాళ్లు పట్టుకున్నది తను కాదా.

ఐటీఐ పాసైనప్పుడు విశాఖపట్నం నుంచి కాగితం వచ్చింది, ఓడలు కట్టే చోట రెండేళ్లు నేర్చుకునే పని. ఉమాపతి ఆ కాగితాన్ని ముందు తండ్రికి చూపించాడు, తరువాత రాములమ్మకు, చివరికి తనకు, ఎందుకంటే తను ఏమంటుందో వాడికి తెలుసు. సముద్రం ఉన్న ఊరు. తన పుట్టింటి ఊరి చెరువులో మునిగినవాళ్లే ఇద్దరు, సముద్రంలో మునిగితే శవం దొరకదు. తుఫాన్లు. తెలియని తిండి. ఆమె ఏడ్చింది, రెండు రోజులు ముద్ద ముట్టలేదు, మూడో రోజు వాడే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యి పక్కన పెట్టి, "పోను తియ్యే, తిను" అన్నాడు. తింది. ఆకలి మీద ఉందేమో, రుచిగా కూడా ఉంది. తరువాత కనకరాజు దగ్గరికి పోయి, నా పిల్లగాడు నా కండ్ల ముంగట ఉండాలె, నాచారంల ఏదన్న జూడరా అని బతిమాలింది. ఈ మేడ మీద నుంచి చూస్తే ఆ మందుల ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుంది, ఇప్పుడూ కనిపిస్తోంది, వానలో మసకగా. బట్టలు ఆరేసినప్పుడల్లా చూసుకునేది. పొగ వస్తోందంటే కొడుకు క్షేమం. ఆ రోజు, డ్రమ్ము మూత తీస్తే మంట భగ్గుమన్న రోజు, సరిగ్గా ఆ వేళకే పైకి వచ్చి చూసుకుంది. పొగ రోజూ వచ్చినట్టే వచ్చింది. తృప్తిగా బట్టలు తీసుకొని, మడతలు పెట్టుకుంటూ కిందికి దిగింది.

గాలికి పడిపోతుందని. అప్పుడూ అంతే. వాడు ఎటో పొడుగ్గా పోతున్నాడు, గాలి పట్టి గుంజుతుంది, పడతాడు, పలుగుతాడు. కోసేస్తే ఊగడు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, దేవుడి పేరు తలుచుకొని ఒక్క కోత. తరువాత హమ్మయ్య. లక్ష్మీనర్సమ్మకు చలి వేసింది. వాడు ఈ మాట ఎప్పుడైనా అన్నాడా? నువ్వే కదనే పంపినవ్ అని? అనలేదు. దవాఖానాలో తెల్లగుడ్డల మధ్య నుంచి తన వైపు చూసినప్పుడు అదే అంటున్నాడని అనుకుంది, చూపు తిప్పుకుంది. అసలు ఏడు నెలలు వాడు మాట్లాడకపోవడం తనతోనేనేమో. నోరు తెరిస్తే ఆ మాటే వస్తుందని, రానివ్వకూడదని, పళ్లు బిగబట్టుకొని ఉన్నాడేమో. ఆమె లేచింది, వంటింటి పసుపూ పాత చీర పీలికా తెచ్చింది, తెలిసి తెలిసీ, అతకదని సారు చెప్పినా, కొమ్మను కోసిన చోట నిలబెట్టి పసుపు అద్ది పీలికతో చుట్లు చుట్టింది. వదిలితే ఒరిగిపోయింది. ఇంకో చుట్టు చుట్టింది. ఒరిగిపోయింది. చేత్తో పట్టుకొని నిలబడింది. పట్టుకున్నంతసేపు చెట్టు మీద కొమ్మ ఉన్నట్టే ఉంది. అలా పట్టుకొని ఎంతసేపని. ఆరు కొట్టిందో లేదో, మసక చీకటి, వాన సన్నగా, కింద గేటు గడియ చప్పుడైంది.

చెప్పుల చప్పుడు తడిగా మెట్లెక్కింది. వాడు కింద గదిలోకి పోలేదు, ఎప్పుడు బయట నుంచి వచ్చినా ముందు పైకే వస్తాడు. నెత్తి మీద రుమాలు, మోకాళ్ల దాకా బురద. బస్సెక్కలేదు, నడిచి వచ్చాడు, నాచారం నుంచి ఇంత దూరం వానలో నడిచి వచ్చాడంటే అక్కడ ఏదో అయింది. పని ఇచ్చారా, లోపలికన్నా పోయాడా, గేటు దగ్గర నుంచే తిరిగి వచ్చాడా. వాడు ముందు ఆమెను చూశాడు, తరువాత ఆమె చేతిని, చేతిలోని కొమ్మను, పసుపు పీలికను.

"నేనే కోసిన బిడ్డా" అంది. కోతి గుర్తుకే రాలేదు. "గాలికి పడ్తదని కోసిన. నాకు తెల్వదు. సారు జెప్పినంక తెలిసింది."

వాడు నెత్తి మీది రుమాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"విశాఖపట్నం గూడ నేనే వోనియ్యలే. నాచారం గూడ నేనే పంపిన. నువ్వనవు, గందుకే నేనంటున్న. జర తిట్టు కొడుకా. ఏదన్న ఒకటి అను."

వాడు ముందుకు వచ్చి ఆమె చేతిలోంచి కొమ్మను తీసుకున్నాడు. లాగలేదు, తీసుకున్నాడు, పిట్టగోడ మీద పక్కన పెట్టాడు. చెట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. వంకర వేళ్లతో పీలిక ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి తడిసి బిగుసుకుంది, ఆ వేళ్లకు చిక్కడం లేదు, ఆమె చెయ్యి ముందుకు పోయింది, మధ్యలో ఆగింది, వెనక్కి వచ్చింది. వాన చొక్కా మీద మచ్చలు మచ్చలుగా పడుతోంది. దండెం మీద బట్టలన్నీ తడిసిపోయాయి. ముడి విప్పాడు. పసుపును బొటనవేలితో తుడిచాడు. కోసిన చోటును చూశాడు, దాని పక్క గాయం అంచును గోటితో తడిమాడు, తొట్టిని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ముఖం మానుకు ఆనేంత దగ్గరగా వంచాడు. అయిపోయింది, ఏడు నెలలు మళ్లీ మొదటి నుంచి అనుకుంది లక్ష్మీనర్సమ్మ. ఈసారి ఏడుతో పోదు. గ్యాసునూనె డబ్బా రాములమ్మ ఇంట్లోనే ఉంది, బ్లేళ్లు ఎన్ని ఉన్నాయి, నాలుగా ఐదా, పోయి చూసుకోవాలి. పక్కింట్లో రేడియోలో ఎవరో వార్తలు చదవడం మొదలుపెట్టి, అన్నీ చదివేసి, ఊరుకున్నారు. వీధిదీపం వెలిగింది. వాడు ఇంకా అట్లాగే కూర్చున్నాడు.

"గీడ మొలిచే కన్నొకటుంది" అన్నాడు ఉమాపతి, చెట్టుకేసే చూస్తూ. "గది లేవాలె ఇగ. లేసినంక రెండేండ్లు వడ్తది. మూడైనా వడ్తది. గప్పటిదాంక దీన్ని నువ్వు ముట్టకు."